ప్రశ్న నుంచి పుస్తకం దాకా: ఇంట్లో పిల్లల చేత కథ కాని పుస్తకాలు చదివించడం, రాయించడం

మా అబ్బాయి ఆరేళ్ల వయసులో ఒక ఉదయం ఆకాశంలోకి చూసి, "నాన్నా, పగలు కూడా చంద్రుడు కనిపిస్తున్నాడేమిటి?" అని అడిగాడు. అప్పటికి వాడికి చంద్రుడి మీద ఎన్నో కథలు చెప్పాం, పాటలు పాడాం. అయితే ఆ ప్రశ్నకు జవాబు దొరికే పుస్తకం మాత్రం ఇంట్లో ఒక్కటి కూడా లేదు. అలమరలో ఉన్నవన్నీ కథల పుస్తకాలే. పిల్లలకు చదవడం నేర్పడమంటే కథలు చదివించడమే అన్న అభిప్రాయం పెద్దవాళ్లలో ఎంత లోతుగా నాటుకుపోయి ఉంటుందో నాకు ఆ రోజు అర్థమైంది.

కథలను పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. కథ పిల్లలకు ఇచ్చేది మరే పుస్తకమూ ఇవ్వలేదు. కానీ జంతువుల గురించి, గ్రహాల గురించి, యంత్రాలు పనిచేసే తీరు గురించి చెప్పే పుస్తకాలు, పటాల పుస్తకాలు, జీవిత చరిత్రలు, ఏదైనా వస్తువును ఎలా తయారు చేయాలో వివరించే పుస్తకాలు కూడా చదువులో భాగమే. వీటినే కాల్పనికేతర రచనలని, నాన్‌ఫిక్షన్ అని అంటున్నాం. బడిలో వీటికి దొరికే చోటు కూడా తక్కువగానే ఉండవచ్చు. నెల్ డ్యూక్ అనే పరిశోధకురాలు అమెరికాలో 20 ఒకటో తరగతి గదులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, సమాచారం అందించే పాఠాలతో పిల్లలు గడుపుతున్న సమయం రోజుకు సగటున 3.6 నిమిషాలే అని తేలింది. అది అక్కడి, అప్పటి లెక్కే అయినా, మన ఇంట్లో ఆ సమయం ఎంత ఉందో ఒకసారి చూసుకోవడానికి అది చాలు.

విషయ పరిజ్ఞానానికీ చదివే సామర్థ్యానికీ ఉన్న సంబంధాన్ని 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన ప్రయోగం చక్కగా చూపించింది. వారు ఏడు, ఎనిమిది తరగతులు చదువుతున్న 64 మంది పిల్లల చేత బేస్‌బాల్ ఆటను వర్ణించే ఒక భాగాన్ని చదివించి, చదివినదాన్ని తిరిగి చెప్పమన్నారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ విషయాలు గుర్తుంచుకుని చెప్పగలిగారు. అంటే పిల్లవాడు ఒక విషయం గురించి తెలుసుకున్న ప్రతిదీ, ఆ విషయం మీద వాడు రేపు చదవబోయే పేజీని తేలిక చేస్తుంది.

ముందు ప్రశ్న, తర్వాత పుస్తకం

పిల్లల చేత ఇలాంటి పుస్తకాలు చదివించాలనుకున్న తల్లిదండ్రులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం కొని తెచ్చి, దాన్ని పిల్లల ముందు పెట్టి, రోజుకు రెండు పేజీలు చదవమంటారు. వారం తిరిగేసరికి ఆ పుస్తకం అలమర ఎక్కుతుంది. అడగని ప్రశ్నకు జవాబు ఎంత బాగున్నా పిల్లల మనసుకు ఎక్కదు. అందుకే నేను ప్రశ్నతో మొదలుపెట్టమంటాను.

దీనికి కావలసింది అందరికీ అందుబాటులో ఉండే ఒక నోటుపుస్తకం. పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు, దాన్ని వాళ్ల మాటల్లోనే, తేదీతో సహా అందులో రాయండి. వాళ్లు రాయగలిగితే వాళ్ల చేతే రాయించండి. "చంద్రుడు పగలు కూడా ఎందుకు కనిపిస్తాడు?" అని అడిగితే, దాన్ని "చంద్రకళలు" అన్న పాఠ్యపుస్తకపు శీర్షికగా మార్చవద్దు. ప్రశ్నలోని మాట మారితే అది పిల్లవాడి ప్రశ్న కాకుండా పోతుంది. జవాబు మీకు తెలిసినా వెంటనే చెప్పకుండా, "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. వాడు చెప్పిన ఊహను కూడా ప్రశ్న కిందే రాసిపెట్టండి. మా అబ్బాయి చెప్పిన ఊహ, చంద్రుడు రాత్రి ఇంటికి వెళ్లడం మరిచిపోయాడన్నది. దాన్ని కూడా అలాగే రాసిపెట్టాం. తప్పు ఊహను కాగితం మీద చూసుకున్న పిల్లవాడికి, అసలు సంగతి తెలిసిన క్షణంలో తాను ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో కంటికి కనిపిస్తుంది.

కాస్త పెద్ద పిల్లలైతే పేజీని మూడు నిలువు గడులుగా విభజించుకోవచ్చు. మొదటి దానిలో నాకు తెలిసినది, రెండోదానిలో నేను తెలుసుకోవాలనుకుంటున్నది, మూడోదానిలో నేను తెలుసుకున్నది అని రాస్తారు. డోనా ఓగిల్ అనే విద్యావేత్త 1986లో ప్రతిపాదించిన ఈ పద్ధతి బడుల్లో విస్తృతంగా వాడుకలో ఉంది. ఇంట్లో వాడేటప్పుడు నేను రెండో గడికే ఎక్కువ విలువ ఇస్తాను. బడిలో ఆ గడి చాలాసార్లు పాఠానికి తగ్గట్టు నిండుతుంది. ఇంట్లోనైతే దాన్ని పిల్లవాడి కుతూహలానికే వదిలిపెట్టవచ్చు.

"నాకు తెలియదు, చూద్దాం పద" అని చెప్పడానికి పెద్దవాళ్లు వెనుకాడవలసిన పని లేదు. తెలియని పెద్దవాళ్లు ఎలా వెతుకుతారో, ఏ పుస్తకం తీస్తారో, అందులో ఎక్కడ చూస్తారో పిల్లలు పక్కన ఉండి చూడగలిగితే అంతకంటే మంచి పాఠం మరొకటి లేదు.

పేజీని చదవడం నేర్పించాలి

కథను మొదటి నుంచి చివరిదాకా చదువుతాం. విషయ పుస్తకాన్ని అలా చదవనక్కర్లేదని పిల్లలకు ఎవరైనా చెప్పాలి. విషయసూచికలో వెతికి, కావలసిన అధ్యాయానికి వెళ్లి, ఉపశీర్షికలు చూసుకుని, అవసరమైన రెండు పేరాలు చదివి పుస్తకం మూసేయడం తప్పు కాదు, అది ఆ పుస్తకాన్ని వాడే సరైన తీరే. చివరి పేజీల్లో అకారాది క్రమంలో ఉండే పదసూచికను పరిచయం చేయడానికి ఒక చిన్న పోటీ చాలు. "తిమింగలం ఎలా ఊపిరి పీలుస్తుందో ఈ పుస్తకంలో ఎక్కడుందో ముందు ఎవరు కనిపెడతారు?" అని అడిగి, మీరు పేజీలు తిప్పుతూ వెతకండి, పిల్లవాడి చేత సూచికలో వెతికించండి. వాడు గెలుస్తాడు, ఆ తర్వాత సూచికను మరిచిపోడు.

బొమ్మలు, బొమ్మల కింది వాక్యాలు, పటాలు, పట్టికలు కూడా చదవవలసినవే. పిల్లలు వాటిని చూసి వదిలేస్తారు, పెద్దలు అసలు పాఠం మీదే దృష్టి పెడతారు. ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. భూమినీ చంద్రుణ్నీ ఒకే పేజీలో చూపించే బొమ్మ చాలా పుస్తకాల్లో ఉంటుంది. పేజీలో చోటు చాలదు కాబట్టి రెండింటినీ జానెడు దూరంలోనే గీస్తారు. కింద మాత్రం "చంద్రుడు భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు" అని రాసి ఉంటుంది. అంత పెద్ద అంకె పిల్లవాడికి ఏమీ చెప్పదు, బొమ్మేమో తప్పు చెబుతోంది. అప్పుడు పుస్తకాన్ని పక్కన పెట్టి, భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లని చెప్పి, చంద్రుడి దూరంలో అలాంటి భూములు ఎన్ని పడతాయో లెక్క వేయించండి. దాదాపు 30 పడతాయి. ఇప్పుడు 10 సెంటీమీటర్ల వెడల్పున్న బంతిని భూమి అనుకుంటే, చంద్రుడు సుమారు 2.7 సెంటీమీటర్ల పెద్ద గోళీ అవుతాడు. ఆ గోళీని బంతికి ఎంత దూరంలో పెట్టాలని ముందు పిల్లవాణ్నే అడగండి. సాధారణంగా బంతి పక్కనే పెడతాడు. తర్వాత టేపుతో కొలిచి 3 మీటర్ల దూరంలో పెట్టించండి. గదికి ఆ చివరన ఉన్న గోళీని చూసి, మళ్లీ పుస్తకంలోని బొమ్మను చూసినప్పుడు, "ఇది సరిగ్గా వేయలేదు" అని వాడే అంటాడు. ఎందుకు అలా వేయవలసి వచ్చిందో అప్పుడు మాట్లాడుకోవచ్చు. అచ్చులో ఉన్న బొమ్మను ప్రశ్నించవచ్చని పదేళ్లలోపే తెలుసుకున్న పిల్లలు పెద్దయ్యాక వార్తల్లోని పటాన్ని, పట్టికను కూడా అంతే శ్రద్ధగా చూస్తారని నా నమ్మకం.

పుస్తకాల ఎంపిక గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పిల్లల చేతే ఎంపిక చేయించండి, గ్రంథాలయం నుంచి ఎక్కువగా తెచ్చుకోండి, వయసుకు మించినదిగా కనిపించినా బొమ్మల కోసం తెచ్చుకోనివ్వండి. ఒకే విషయం మీద ఆరు పుస్తకాలు వరసగా అడిగినా అడ్డు చెప్పవద్దు. రాక్షసబల్లుల పేర్లు గుక్కతిప్పకుండా చెప్పే పిల్లవాడు, ఆ పేర్లతో పాటు కఠిన పదాలను విడగొట్టి చదవడం కూడా నేర్చుకుంటున్నాడు.

చూసి రాయడం

రాత దగ్గరికి వచ్చేసరికి పిల్లలను మొదట పుస్తకానికి దూరంగా తీసుకెళ్లాలి. తాను స్వయంగా చూసినది రాయడం వచ్చాకే, ఇతరులు చూసి రాసినదాన్ని సరిగ్గా వాడుకోవడం వస్తుంది. దీనికి చీమను మించిన విషయం లేదు. ఎక్కడైనా దొరుకుతుంది, ఎంతసేపైనా చూడవచ్చు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు చీమ గురించి రాయమంటే, "చీమ చాలా చిన్న జీవి. చీమ కష్టపడి పని చేస్తుంది. మనం చీమను చూసి నేర్చుకోవాలి" అని మూడు వాక్యాలు రాసింది. ఒక్క చీమను కూడా చూడకుండా రాయగలిగిన వాక్యాలవి. నేను వాటిని దిద్దలేదు. ఒక భూతద్దం ఇచ్చి, గోడ వారగా పోతున్న చీమల బారు దగ్గర కూర్చుని, అందులో ఒక్క చీమను ఎంచుకుని అది చేసినదంతా చెప్పమన్నాను. పావుగంట తర్వాత ఆమె రాసినది ఇది: "ఒక చీమ తనకంటే పెద్దదైన ఈగ రెక్కను లాగుతోంది. ముందుకు నడవడం లేదు, వెనక్కి నడుస్తూ లాగుతోంది. రెండుసార్లు వదిలేసింది. రెండోసారి ఇంకో చీమ వచ్చి పట్టుకుంది, కానీ అది వేరే వైపు లాగింది." మొదటి మూడు వాక్యాలకూ ఈ వాక్యాలకూ మధ్య ఉన్న దూరమే నేను చెప్పదలచుకున్న విషయమంతా. ఆమెకు భాష కొత్తగా రాలేదు, చెప్పడానికి విషయం వచ్చింది.

ఆ తర్వాత బొమ్మ గీయమన్నాను. ఆమె గీసిన చీమకు శరీరం రెండు భాగాలు, కాళ్లు వెనక భాగానికి. మళ్లీ భూతద్దం పెట్టి చూస్తే శరీరం మూడు భాగాలుగా ఉందని, ఆరు కాళ్లూ మధ్య భాగం నుంచే వచ్చాయని ఆమే కనిపెట్టింది. అప్పుడు పుస్తకం తెరిచాం. తల, వక్షం, ఉదరం అన్న మాటలు ఆమెకు అంతసేపూ చూసిన భాగాల పేర్లుగా అందాయి కాబట్టి వాటిని బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు. చీమలు వాసన గల పదార్థంతో దారి గుర్తులు పెట్టుకుంటాయని చదివి, మరునాడు బారుకు అడ్డంగా నేల మీద వేలితో రుద్ది చూసింది. ఆ చోటికి వచ్చిన చీమలు ఆగి, అటూ ఇటూ తిరిగి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకున్నాయి. ఇది కూడా రాసింది, ఎవరూ చెప్పకుండానే.

చంద్రుడి విషయంలోనూ ఇదే దారి పనికొస్తుంది. ఒక నెల రోజుల పాటు చంద్రుడు కనిపించిన వేళ, కనిపించిన దిక్కు, ఆకారం నమోదు చేసిన పిల్లవాడికి, చంద్రుడు రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని, ఒక పూర్ణిమ నుంచి మరో పూర్ణిమకు సుమారు 29.5 రోజులు పడుతుందని పుస్తకంలో చదివినప్పుడు, అవి తన నోటుపుస్తకం గురించి రాసిన వాక్యాల్లా అనిపిస్తాయి. పగలు చంద్రుడు ఎందుకు కనిపిస్తాడన్న ప్రశ్నకు కూడా అందులోనే జవాబు ఉంది. ఉదయించే వేళ రోజురోజుకూ జరుగుతూ పోతే, నెలలో చాలా రోజులు అది పగటి వేళలోకి రాక తప్పదు.

ఇంకా అక్షరాలు రాయడం రాని పిల్లలైతే, వాళ్లు చెబుతుంటే మీరు రాయండి. వాళ్ల వాక్యాన్ని సవరించకుండా, చెప్పినది చెప్పినట్టే రాసి, తిరిగి చదివి వినిపించండి. తన మాట కాగితం మీదికి వెళ్లి మళ్లీ తన మాటగానే తిరిగి రావడం చూసిన పిల్లలు రాయడం ఎందుకో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు.

ఎలా చేయాలో చెప్పే రాత

ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన పిల్లల చేత తప్పక రాయించవలసిన మరో రకం రాత, ఒక పని చేసే విధానం. కాగితం పడవ చేయడం తెలిసిన పిల్లవాణ్ని, అది తెలియని మనిషి కోసం ఆ పద్ధతి రాయమనండి. రాశాక, మీరు కాగితం తీసుకుని, రాసిన మాటలను మాత్రమే అనుసరించండి. "కాగితాన్ని సగానికి మడవాలి" అని ఉంటే, పొడవుగా మడవాలా అడ్డంగా మడవాలా అని అందులో లేదు. మీరు పొడవుగా మడుస్తారు, పడవ రాదు. పిల్లవాడు, "అలా కాదు, ఇలా" అని చేత్తో చూపించబోతాడు. "చేత్తో వద్దు, రాసి చెప్పు" అనండి. అప్పుడు వాడు "పొట్టి అంచులు రెండూ కలిసేలా మడవాలి" అని దిద్దుతాడు. చదివేవాడు తన పక్కన లేడని, తన మనసులో ఉన్నది వాడికి కనిపించదని రాసేవాళ్లందరూ నేర్చుకోవలసిన సంగతి ఈ చిన్న దిద్దుబాటులో ఉంది. అయితే ఈ పని చేసేటప్పుడు ఎగతాళి ధ్వని రాకూడదు. కావాలని తప్పుగా మడుస్తున్నారని పిల్లవాడికి అనిపిస్తే మరుసటిసారి రాయడు. మీకు నిజంగా తెలియదన్నంత శ్రద్ధగా చేయండి, లేదా నిజంగా తెలియని మనిషి చేత చేయించండి.

పుస్తకంలోది ఎత్తి రాయకుండా

కాస్త పెద్ద పిల్లలు ఏదైనా అంశం మీద వ్యాసం రాయమంటే, పుస్తకంలోని వాక్యాలను వరసగా దించేస్తారు. ఇది దొంగతనమని కోప్పడితే ప్రయోజనం లేదు. వేరే విధంగా ఎలా రాయాలో వాళ్లకు తెలియదు, అంతే. నాకు పనికొచ్చిన పద్ధతి చాలా మామూలుది. ఒక పేజీ చదివాక పుస్తకం మూసి, చదివినది ఎవరికైనా నోటితో చెప్పాలి. వినేవాళ్లు ప్రశ్నలు అడగాలి. జవాబు తట్టకపోతే పుస్తకం మళ్లీ తెరవవచ్చు. గుర్తుంచుకోవలసినవి రెండు మూడు మాటల్లో మాత్రమే రాసుకోవాలి, పూర్తి వాక్యం రాసుకోకూడదు. చివరికి పుస్తకం చూడకుండా, ఆ గుర్తులు మాత్రం ముందు పెట్టుకుని రాయాలి. చదివిన భాష ఒకటి, రాసే భాష మరొకటి అయిన ఇళ్లలో దీనికి సహజంగానే వీలు ఉంటుంది. ఇంగ్లీషులో చదివినదాన్ని తెలుగులో చెప్పాలంటే అర్థం చేసుకోక తప్పదు, ఎత్తి రాయడానికి దారే లేదు.

ఇలా విన్నదాన్ని, చదివినదాన్ని తన మాటల్లో తిరిగి రాసుకోవడం ఒక మనిషి జీవితాన్నే మలుపు తిప్పిన సందర్భం ఉంది. మైకేల్ ఫారడే పేద కుటుంబంలో పుట్టి, 1805లో 14 ఏళ్ల వయసులో పుస్తకాల బైండింగు పనిలో చేరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలనే చదువుకుంటూ విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి పెంచుకున్నాడు. 1812లో ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికినప్పుడు గుర్తులు రాసుకుని, వాటిని ఇంటి దగ్గర విస్తరించి, బొమ్మలతో సహా సుమారు 300 పేజీల పుస్తకంగా తానే బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు డేవీ దగ్గరే, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థలో సహాయకుడిగా చేరాడు. విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న ఆ శాస్త్రవేత్తకు బడి చదువు దాదాపు లేదు. ఈ సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఆయన కీర్తి మీద కాకుండా, ఆ చేతిరాత పుస్తకం మీద ఆగుతాను.

తప్పొప్పులు ఎప్పుడు చూడాలి

పిల్లవాడు కాగితం తెచ్చి చూపించగానే మన కన్ను ముందు ఒత్తుల మీద, దీర్ఘాల మీద పడుతుంది. దాన్ని కాసేపు ఆపుకోవాలి. మొదటి మాట విషయం గురించి ఉండాలి: "రెండో చీమ వేరే వైపు ఎందుకు లాగిందంటావు?" అన్నట్టు. రెండో మాట స్పష్టత గురించి. అక్షర దోషాలు చివర, అదీ ఇతరులకు చూపించబోయే ప్రతిలో మాత్రమే, ఒకసారికి ఒక రకం దోషం చొప్పున దిద్దించండి. ఇంట్లో రాసుకునే గుర్తుల్లో దోషాలు ఉంటే ఉండనివ్వండి.

విషయంలో తప్పు అలా కాదు, దాన్ని తేల్చుకోవాలి. అచ్చయిన సంవత్సరం చూసే అలవాటు చిన్నప్పటి నుంచే చేయించండి. 2006కు ముందు అచ్చయిన పుస్తకంలో సౌర కుటుంబంలో తొమ్మిది గ్రహాలు ఉంటాయి. ఆ ఏడాది అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఇచ్చి ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది కాబట్టి, తర్వాతి పుస్తకాల్లో ఎనిమిదే ఉంటాయి. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ఏది సరైనదో, రెండోది ఎందుకు మారిందో పిల్లల చేతే కనిపెట్టించవచ్చు. ఇంటర్నెట్‌లోనో, అడిగినదానికి జవాబు చెప్పే యాప్‌లోనో వెతికినప్పుడు కూడా ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వేరే చోట కూడా అలాగే ఉందా అన్న మూడు ప్రశ్నలు అడగాలి. అంకెలు, పేర్లు, తేదీలు రెండు చోట్ల సరిపోలితేనే తన రాతలోకి తీసుకోవాలన్న నియమం మా ఇంట్లో ఉంది. ఇది పెద్దవాళ్లకు కూడా వర్తిస్తుంది, పిల్లలు దాన్ని గట్టిగానే అమలు చేస్తారు.

రాసినదానికి చదివేవాళ్లు ఉండాలి. నాలుగు కాగితాలు మధ్యకు మడిచి కుట్టి, అట్ట వేసి, పేరు రాసి, విషయసూచికతో సహా చిన్న పుస్తకం చేయించండి. పుస్తకాల్లో ఇన్నాళ్లూ చూసిన సూచిక, బొమ్మ కింది వాక్యం, కఠిన పదాల పట్టిక ఎందుకు ఉంటాయో తన పుస్తకానికి అవి రాసుకునేటప్పుడే పిల్లలకు పూర్తిగా తెలుస్తుంది. తమ్ముడికో, చెల్లెలికో, దూరాన ఉన్న అమ్మమ్మకో చదివి వినిపించమనండి. వాళ్లు అడిగిన కొత్త ప్రశ్నలు మళ్లీ నోటుపుస్తకంలోకి వెళతాయి.

ప్రతి కాగితం మీద తేదీ వేయించి, ఏదీ పారేయకుండా దాచండి. ఆరు నెలలకోసారి పాతవి తీసి చదువుకోనివ్వండి. మా అమ్మాయి తన చీమ బొమ్మను ఏడాది తర్వాత చూసుకుంది. భూతద్దానికి ముందు గీసిన మొదటి బొమ్మ అది, శరీరం రెండు భాగాలు, కాళ్లు వెనక భాగానికి. చింపేస్తుందేమో అనుకున్నాను. పెన్సిలు తీసుకుని, బొమ్మను అలాగే ఉంచి, పక్కన ఆ రోజు తేదీ వేసి, "అప్పుడు నేను సరిగ్గా చూడలేదు. కాళ్లు మధ్య భాగం నుంచి వస్తాయి. పక్క పేజీ చూడండి" అని రాసింది.